పంజరంలో పక్షి – మన మెడ మీద అమానత్



కాశీబుగ్గలో ఒక శుక్రవారం జుమా నమాజు ముగిసి జనం వెళ్ళిపోయాక, మస్జిదు మెట్ల దగ్గర ఒక పెద్దాయన, ఆయన పదేళ్ళ మనవడు నా కోసం నిలబడి ఉన్నారు. అబ్బాయి చేతిలో చెప్పుల పెట్టె. దానికి అటూ ఇటూ మేకుతో పొడిచిన రంధ్రాలు. మూత తీసి చూస్తే ఆకుపచ్చ పిట్ట ఒకటి ఈకలు ఉబ్బించుకుని, కళ్ళు మూసుకుని ఓ మూలన ముడుచుకుని ఉంది. మన ఊళ్ళలో దీన్ని ‘లవ్ బర్డ్’ అని అమ్ముతారు. ఉర్దూ మాట్లాడే ఇళ్ళలో ‘ఆస్ట్రేలియన్ తోతా’ అంటారు. అసలు పేరు బజరీగర్.

“మౌల్సాబ్, రెండ్రోజులై ఉలకదు, పలకదు. కాస్త దమ్ చేసి నీళ్ళివ్వండి” అన్నారు పెద్దాయన.

నా చూపు దాని ముక్కు మీద పడింది. పై ముక్కు కొక్కెంలా వంగి, పెరిగి, గొంతుకు గుచ్చుకునేలా ఉంది. “మేత తింటోందా?” అని అడిగాను. “గిన్నె ఎప్పుడూ నిండుగానే ఉంటాది. కావాలంటే వచ్చి సూడండి” అన్నారు. ఇల్లు దగ్గరే కాబట్టి వెళ్ళాను. పంజరంలో ఇంకో పిట్ట హుషారుగా గెంతుతోంది. గిన్నె నిజంగానే నిండుగా ఉంది. వంగి ఒక్కసారి ఊదాను. పొట్టంతా ఎగిరిపోయింది. అడుగున పదో పరకో గింజలు మిగిలాయి.

ఈ పిట్టలు గింజను పొట్టుతో మింగవు. ముక్కుతో వలిచి, లోపలి పప్పు తిని, పొట్టును గిన్నెలోనే వదిలేస్తాయి. ఆరోగ్యంగా ఉన్న పిట్ట తింటూ పోయింది, పొట్టు పేరుకుంటూ పోయింది. ముక్కు పెరిగిన పిట్ట వలచలేక, నిండుగా కనిపించే గిన్నె పక్కనే రోజుల తరబడి పస్తులుంది. చేతిలోకి తీసుకుని రొమ్ము తడిమితే ఎముక కత్తి అంచులా తగిలింది.

ఆ ఇంట్లో ఎవరూ కఠినాత్ములు కారు. అబ్బాయి కళ్ళు ఏడ్చి ఏడ్చి ఉబ్బి ఉన్నాయి. అయినా అక్కడ నిలబడిన నాకు గుర్తొచ్చింది పిల్లిని కట్టేసిన స్త్రీ హదీసు. ఆమె తాను మేత పెట్టలేదు, నేల మీద దొరికే పురుగూ పుట్రా తిననివ్వడానికి దాన్ని వదిలిపెట్టనూ లేదు. అందుకు ఆమె నరకయాతనకు గురైందని దైవప్రవక్త (స) తెలియజేసిన సంగతి బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. మన ఇంట్లో మూగజీవి ఉంటే ఈ హదీసు మనకు రెండు దారులు చూపిస్తోంది: పోషించు, లేదా వదిలిపెట్టు. బజరీగర్ విషయంలో రెండో దారి కూడా మూసుకుపోయింది. తరతరాలుగా పంజరాల్లో పుట్టిన ఆ పరదేశపు పిట్టను ఉద్దానం తోటల్లో వదిలితే సాయంత్రానికి కాకుల పాలవుతుంది. ఇక మిగిలింది పోషించడమే. పోషించడమంటే గిన్నె నింపడమేనా?

పక్షిని పెంచవచ్చా?

ముందుగా ఈ సందేహం తీర్చుకుందాం. పంజరంలో పక్షిని ఉంచడమే పాపమని కొందరు సోదరులు ఖండితంగా చెబుతుంటారు. హజ్రత్ అనస్ (రజి) తల్లి ఉమ్మె సులైమ్ (రజి) ఇంటికి దైవప్రవక్త (స) వెళ్తుండేవారు. ఆ ఇంట్లో అనస్ చిన్న తమ్ముడు అబూ ఉమైర్‌కు ఆడుకోవడానికి ‘నుగర్’ అనే చిన్న పిట్ట ఉండేది. అరబీ నిఘంటుకారులు దాన్ని పిచ్చుకలాంటి, ఎర్రముక్కు పిట్టగా వర్ణించారు. ఒకరోజు అది చనిపోయింది. పిల్లవాడు దిగులుగా ఉండటం చూసి దైవప్రవక్త (స) ప్రేమగా పలకరించి, నీ పిట్ట ఏమైందని అడిగారు. అంతటి బాధ్యతలు మోస్తున్న మహనీయుడు ఒక పసివాడి పిట్ట గురించి ఆరా తీశారు! ఈ ఒక్క హదీసు నుంచి షాఫయీ పండితుడు ఇబ్నుల్ ఖాస్ అరవై ప్రయోజనాలు వెలికితీసి ప్రత్యేకంగా ఒక చిన్న గ్రంథమే రాశారు. పిల్లలు పక్షితో ఆడుకోవచ్చనీ, దాన్ని ఇంట్లో ఉంచుకోవచ్చనీ ఉలమాలు ఇక్కడి నుంచే ఆధారం తీసుకున్నారు. అయితే దాని హక్కులు నెరవేర్చాలి, హింసించకూడదు అనే షరతు ఆ అనుమతికి ఎప్పుడూ అంటిపెట్టుకునే ఉంది.

పనిలో పనిగా తరచూ వచ్చే ఇంకో ప్రశ్న. బట్టల మీద రెట్ట పడితే నమాజు అవుతుందా? మన హనఫీ ఫిఖహ్‌లో పావురం, పిచ్చుక లాంటి ఎగిరే హలాల్ పక్షుల రెట్ట అపవిత్రం కాదు. కడుక్కుంటే శుభ్రం, అంతే. కోడి, బాతుల సంగతి వేరు. వాటిది అపవిత్రమే.

ఉదయం బయలుదేరే పక్షి

అల్లాహ్‌పై నమ్మకం పెట్టుకోవలసిన తీరులో పెట్టుకుంటే, ఉదయం ఖాళీ కడుపుతో వెళ్ళి సాయంత్రం నిండిన కడుపుతో తిరిగొచ్చే పక్షులకు ఉపాధి ఇచ్చినట్టే మనకూ ఆయన ఇస్తాడని దైవప్రవక్త (స) బోధించారు. హజ్రత్ ఉమర్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు తిర్మిజీలో ఉంది. దీన్ని మనం తవక్కుల్ గురించి చెప్పేటప్పుడు చదువుతాం. కానీ ఇందులో పక్షి గూట్లో కూర్చుని ఎదురుచూడదు, బయలుదేరుతుంది. అలా బయలుదేరే పక్షికి అల్లాహ్ ఇచ్చిన పనిముట్టు దాని ముక్కు.

టెక్కలి దగ్గర తేలినీలాపురానికి ఏటా చలికాలంలో వచ్చే గూడబాతులను చూసే ఉంటారు. ముక్కు కింద సంచి, వలతో చేపలు తోడినట్టు తోడుతుంది. వాటి పక్కనే చెట్ల మీద గూళ్ళు కట్టే ఎర్రకాళ్ళ కొంగ ముక్కు బురద నీళ్ళలో తెరిచి పెట్టి, చేప తగలగానే మూసుకునే పట్టకారు. మనం వీటిని సైబీరియా పక్షులంటాం గానీ ఈ రెండూ మన దక్షిణాసియా పక్షులే. ఇచ్ఛాపురం వైపు తేలుకుంచికి వచ్చే నత్తగుల్ల కొంగను గమనించండి. దాని ముక్కు పూర్తిగా మూసుకోదు, మధ్యలో సందు ఉంటుంది. చూసేవాళ్ళకు లోపమనిపిస్తుంది. నత్తను గుల్ల నుంచి బయటికి తీయడానికి ఆ ముక్కు అక్కరకొస్తుంది. ఈ రెండు ఊళ్ళ ప్రజలు తరతరాలుగా ఆ పక్షులను ఇంటికొచ్చిన ఆడపడుచుల్లా కాపాడుకుంటున్నారు. ముస్లిములమైన మనం ఈ విషయంలో వారి ముందు సిగ్గుపడాల్సిన పరిస్థితి రాకూడదు.

భూమిపై నడిచే జీవులు, రెక్కలతో ఎగిరే పక్షులు కూడా మీలాంటి సముదాయాలేనని దివ్యఖుర్ఆన్ అన్ఆమ్ సూరా 38వ ఆయత్ మనకు గుర్తుచేస్తుంది. సముదాయమంటే వాటికీ ఒక జీవిక, ఒక దినచర్య ఉన్నాయన్నమాట. బజరీగర్ తన స్వదేశంలో గుంపులుగా మైళ్ళ దూరం ఎగిరి, గడ్డి గింజలు ఏరి, చెట్టు తొర్రను కొరికి గూడు చేసుకుంటుంది. దాని ముక్కు మన గోరులా జీవితాంతం పెరుగుతూనే ఉంటుంది. రోజంతా కొరకడం, వలవడం, కొమ్మకు రాసుకోవడం వల్ల పెరిగినంతా అరుగుతుంది. కొలతబద్ద పట్టుకుని ఎవరూ కొలవనక్కర్లేదు. పని చేసే పక్షికి ముక్కు సరైన పొడవులోనే ఉంటుంది.

మనం ఏం చేశాం? దాన్ని పంజరంలో పెట్టాం. నున్నటి ప్లాస్టిక్ కర్ర అమర్చాం. గింజలు ముక్కు ముందే పోశాం. దానికి పని లేకుండా చేసి, సుఖంగా ఉంచామని మురిసిపోతున్నాం. దాని పనిని మనం లాక్కున్నప్పుడు, ఆ పని చేసిపెట్టే మేలు కూడా మన బాధ్యతే అయింది. ఈ లెక్క అల్లాహ్ సన్నిధిలో అప్పజెప్పాల్సింది ఆ పిట్ట కాదు, మనమే.

నేను చేసిన తప్పు

ఇంత చెబుతున్న నేను ఒక విషయం దాచితే అది ఖియానత్ అవుతుంది. పధ్నాలుగేళ్ళ క్రితం, మదర్సా చదువు ముగించుకుని టెక్కలిలో మా ఇంటికి వచ్చిన కొత్త. మా చిన్న చెల్లెలికి అప్పుడు పదేళ్ళు. ఆమె నీలం రంగు లవ్ బర్డ్‌ను పెంచుతోంది. దాని ముక్కు పెరిగింది. “భాయ్‌జాన్, ఏదైనా చేయండి” అంది. నేను ఆలిమ్‌ను కదా, ఖియాస్ చేశాను. గోళ్ళు తీసుకోవడం ఫిత్రత్‌కు సంబంధించిన సున్నత్, నలభై రోజులు దాటనివ్వకూడదని హదీసు. ముక్కు కూడా గోరులాంటిదే కదా! చెల్లెలు బడికి వెళ్ళిన సమయంలో ఇంట్లోని నెయిల్ కట్టర్ తీసుకుని కత్తిరించాను. ముక్కు చీలింది. రక్తం ఆగలేదు. దూది అద్దాను, పసుపు అద్దాను. అస్ర్ వేళకు పిట్ట చనిపోయింది.

ఆ తర్వాత చేసింది ఇంకా పెద్ద తప్పు. చెల్లెలు బడి నుంచి వచ్చి ఏడుస్తుంటే, “దాని ఆయుష్షు అంతే రాసిపెట్టి ఉంది. అల్లాహ్ నిర్ణయం. సబర్ చెయ్యి” అన్నాను. మాటగా చూస్తే అబద్ధం కాదు. ప్రతి ప్రాణి ఆయువు రాసే ఉంటుంది. కానీ నా చేతి తప్పును తఖ్దీర్ చాటున దాచుకున్నాను. ఒంటెను కట్టేసి ఆ తర్వాత అల్లాహ్‌పై భారం వేయమని నేర్పిన ప్రవక్త (స) ఉమ్మత్‌కు చెందిన నేను, కట్టకుండా వదిలేసి ఒంటె పోవడం దైవ నిర్ణయమని ప్రకటించాను. మన ఇళ్ళలో ఇది చాలా ఎక్కువ. వైద్యం ఆలస్యం చేస్తాం, తర్వాత తఖ్దీర్ అంటాం.

ఉర్దూలో సామెత ఉంది, నీమ్ హకీం ఖత్‌ర-ఎ-జాన్, నీమ్ ముల్లా ఖత్‌ర-ఎ-ఈమాన్. అరకొర వైద్యుడు ప్రాణానికి ముప్పు, అరకొర ముల్లా విశ్వాసానికి ముప్పు అని. ఆ రోజు నేను రెండూ అయ్యాను. వైద్యం తెలియనివాడు వైద్యం చేస్తే జరిగిన నష్టానికి అతనే జవాబుదారీ అని అబూ దావూద్, ఇబ్నె మాజా గ్రంథాల్లో హదీసు ఉంది. అది నేను పాఠంగా చదివినదే, పరీక్షలో రాసినదే.

నా ఖియాస్ ఎక్కడ తప్పిందో చెబుతాను. మనం తీసేసే గోరు కొనలో ప్రాణం లేదు. ముక్కు పైన మాత్రమే గోరులాంటి పొర. లోపల ఎముక, రక్తనాళాలు, నరాలు కొన దాకా వస్తాయి. పెరిగిన ముక్కులో రక్తనాళం కూడా ముందుకు సాగి ఉండవచ్చు. బజరీగర్ బరువు 30 నుంచి 40 గ్రాములు. శరీరం మొత్తంలో ఉండే రక్తం చిన్న టీస్పూను కూడా నిండదు. మనకు నాలుగైదు బొట్లనిపించేది దానికి ప్రాణం మీదికి వస్తుంది. కాబట్టి ఇంట్లో కత్తెర, బ్లేడు, నెయిల్ కట్టర్ ఏదీ ముక్కుకు తగిలించవద్దు. ప్రమాదవశాత్తూ ముక్కుకు దెబ్బ తగిలి రక్తం వస్తుంటే కాస్త మొక్కజొన్న పిండి అద్ది, శుభ్రమైన గుడ్డతో మెల్లగా అదిమి, వెచ్చగా ఉంచి వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి.

ముక్కు ఎందుకు పెరుగుతుంది?

కాశీబుగ్గ పెద్దాయనకు నేను చెప్పింది ఒకటే: దుఆ దారిలో చేస్తాను, ముందు పశువుల ఆసుపత్రికి పదండి. చికిత్స చేయించుకోవచ్చా అని పల్లెటూరి అరబ్బులు అడిగితే, చేయించుకోండి, వృద్ధాప్యం తప్ప అల్లాహ్ మందు లేని రోగాన్ని పుట్టించలేదని దైవప్రవక్త (స) సమాధానమిచ్చారు. దమ్, దుఆ మనకు ఉన్నాయి, వాటిని వదలమని ఎవరూ అనరు. వాటి పేరుతో వైద్యాన్ని వదలడమే తప్పు.

ఆవులు, మేకలు చూసే చోట పిట్టను చూస్తారా అని పెద్దాయన సందేహపడ్డారు. చూశారు. అక్కడి డాక్టరు గారు మొదట అడిగిన ప్రశ్న మమ్మల్ని ఆశ్చర్యపరిచింది: “జీడిపప్పు పెడుతున్నారా?”

పలాస ప్రాంతంలో ఈ ప్రశ్న అడగాల్సిందే. అబ్బాయి తల్లి జీడిపప్పు పొట్టు తీసే పనికి వెళ్తుంది. ఇంట్లో బద్ద, నూక ఎప్పుడూ ఉంటాయి. అబ్బాయి తన వాటాలోంచి పిట్టకు పెట్టేవాడు. పచ్చికొబ్బరి ముక్కలు కూడా. పసివాడి ప్రేమ అది. కానీ 100 గ్రాముల జీడిపప్పులో దాదాపు 44 గ్రాములు కొవ్వే. కొర్రల్లో నాలుగు గ్రాముల పైచిలుకు మాత్రమే. ఎగరడానికి చోటులేని పిట్టకు ఆ కొవ్వంతా కాలేయంలో చేరుతుంది. కాలేయం చెడితే ముక్కు పొర సరిగా ఏర్పడదు. వేగంగా, మెత్తగా, వంకరగా పెరుగుతుంది, ఒక్కోసారి దాని మీద నల్లటి మచ్చలు కనిపిస్తాయి. అంటే పెరిగిన ముక్కు చాలాసార్లు అసలు జబ్బు కాదు, లోపలి జబ్బుకు గుర్తు. కత్తిరించి ఊరుకుంటే మళ్ళీ పెరుగుతుంది.

దాహంతో ఉన్న కుక్కకు నీళ్ళు తాపిన మనిషిని అల్లాహ్ క్షమించిన సంఘటన విన్నప్పుడు సహచరులు, జంతువుల విషయంలోనూ మాకు పుణ్యం ఉందా అని అడిగారు. ప్రాణమున్న ప్రతి జీవి విషయంలోనూ ఉందని జవాబు వచ్చింది. అరబీ మూలంలో ఆ చోట వచ్చే మాట ‘కబిద్’, అంటే కాలేయం. తడి ఆరని కాలేయమున్న ప్రతిదీ అన్న అర్థంలో వాడారు. ఆసుపత్రి బల్ల దగ్గర నిలబడి డాక్టరు నోట కాలేయం మాట విన్నప్పుడు, ఎన్నోసార్లు పాఠం చెప్పిన ఆ హదీసు నాకు కొత్తగా వినిపించింది.

ఇంకో కారణం పేను కన్నా చిన్న పురుగు. ముక్కు మొదట్లో, ముక్కు రంధ్రాల చుట్టూ సుద్దపొడి అద్దినట్టు, తేనెపట్టులా సన్నటి రంధ్రాలతో గరుకుగా కనిపిస్తే అదే. డాక్టరు ఇచ్చే చుక్కల మందుతో నయమవుతుంది. కిరోసిన్ రాసే అలవాటు కొందరికి ఉంది, అది హింస. దెబ్బ తగిలిన ముక్కు వంకరగా పెరగవచ్చు. ఒట్టి గింజల మీదే బతికే పిట్టకు విటమిన్ ఎ లోపించి కూడా ఇలా జరుగుతుంది.

మరి రోజూ ఏం చేయాలి? పంజరంలో ప్లాస్టిక్ కర్ర తీసేసి జామ కొమ్మ, వేప కొమ్మ వేయండి. ఒకటి సన్నం, ఒకటి లావు, బెరడుతో సహా, కడిగి ఆరబెట్టి. పిట్ట ఆ బెరడును ఒలుస్తుంది, ముక్కు రాసుకుంటుంది. పోగొట్టుకున్న పని కొంత తిరిగి దొరుకుతుంది. మన తోటల్లో చేతికందేది జీడి కొమ్మే అయినా అది వద్దు, దాని రసం చర్మాన్ని పొక్కిస్తుంది. గరుకు కాగితం చుట్టిన కర్రలు కూడా వద్దు, ముక్కు అరిగేలోపు కాళ్ళు పుండవుతాయి. మన సముద్ర తీరంలో తెల్లగా, తేలికగా, పడవ ఆకారంలో ‘సముద్రపు నురుగు’ కొట్టుకొస్తుంటుంది. పేరుకు నురుగు గానీ అది కటిల్ ఫిష్ అనే సముద్రజీవి వీపులోని పెంకు. మూలికల దుకాణాల్లోనూ అమ్ముతారు. ఒడ్డున ఏరిందైతే మంచినీళ్ళు మారుస్తూ రెండు మూడు రోజులు నానబెట్టి ఉప్పు పోగొట్టి, ఎండబెట్టి పంజరానికి కట్టండి. సున్నం అందుతుంది, కొరకడానికి పనీ ఉంటుంది.

మేతలో కొర్రలు, సామలు, గంటెలు ఉండాలి. వీలైతే కొర్ర కంకి కంకిగానే వేలాడదీయండి, వలుచుకుని తింటుంది. కడిగిన తోటకూర, కొత్తిమీర, మునగాకు, తురిమిన క్యారెట్ కొద్దికొద్దిగా అలవాటు చేయండి. మన తీరపు తేమకు గింజలు త్వరగా బూజు పడతాయి. బూజు పట్టిన పల్లీలు, గింజలు కాలేయానికి విషం. ఉప్పు జీడిపప్పు, చాక్లెట్ అసలే వద్దు. ప్రతి ఉదయం గిన్నెలోని పొట్టు ఊదేయండి, నీళ్ళు మార్చండి. వారానికోసారి పక్కనుంచి ముక్కు చూడండి. నునుపుగా, పై ముక్కు కింది ముక్కును కప్పుతూ చక్కగా వంగి ఉందా, ఒక పక్కకు పోతోందా, గింజ వలవగలుగుతోందా. వంటింటి చిన్న కాటాలో బరువు చూసి రాసి పెట్టుకుంటే ఇంకా మంచిది, బరువు తగ్గడం కంటికి కనబడేసరికి ఆలస్యమవుతుంది.

ముక్కు తగ్గించడం సృష్టిని మార్చడమా?

ఒక సోదరుడు ఈ ప్రశ్న వేశారు. నిసా సూరా 119వ ఆయత్‌లో పశువుల చెవులు కోయించడం, అల్లాహ్ సృష్టిని మార్పించడం షైతాన్ ప్రతిజ్ఞల్లో భాగంగా ప్రస్తావనకు వచ్చింది. అందంగా కనిపించాలనో, కరవకుండా ఉండాలనో ఆరోగ్యంగా ఉన్న ముక్కును కోయించడం ఆ కోవలోకి వెళ్ళే ప్రమాదముంది. అది నొప్పి కలిగించే అనవసర పని. రోగం వల్ల పెరిగినదాన్ని తెలిసిన వైద్యుడు సహజ స్థితికి తేవడం చికిత్స. అది సృష్టిని మార్చడం కాదు, చెడినదాన్ని సరిచేయడం. ప్రతి పనినీ ఇహ్‌సాన్‌తో, అంటే ఉత్తమమైన తీరులో చేయాలన్నది మనకు విధి. జిబహ్ చేసేటప్పుడు కూడా కత్తి పదును పెట్టి ప్రాణికి బాధ తగ్గించమన్న ధర్మం, బతికించుకోవాలనుకున్న పిట్ట ముక్కు మీద మొద్దు కత్తెర పెట్టడాన్ని ఎలా ఒప్పుకుంటుంది?

రామచిలుక సంగతి వేరు

ఇప్పటిదాకా చెప్పింది పంజరాల్లో పుట్టిపెరిగే విదేశీ పిట్టల గురించి. మన రామచిలుకకు ఇది వర్తించదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది రక్షిత పక్షి. పట్టడం, అమ్మడం, ఇంట్లో బంధించడం నేరం. ఒక ప్రయాణంలో సహచరులు ఓ పిట్ట పిల్లలను రెండింటిని పట్టుకొస్తే తల్లిపిట్ట రెక్కలు కొట్టుకుంటూ తిరిగింది. దైవప్రవక్త (స) అది చూసి, దీన్ని పిల్లల విషయంలో ఎవరు బాధపెట్టారని నిలదీసి, వాటిని తిరిగి ఇప్పించారు. చట్టం లేకపోయినా ఈ ఒక్క హదీసు చాలు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను ఉద్దానాన్ని నేలమట్టం చేసినప్పుడు కూలిన కొబ్బరి మొదళ్ళ తొర్రల్లో గూళ్ళు చెదిరి ఎన్నో పక్షులు నిరాశ్రయమయ్యాయి. అలాంటి సమయంలో జాలితో ఒక పిల్లను తెచ్చి బతికించారనుకోండి, ఆ దయకు అల్లాహ్ దగ్గర ప్రతిఫలం ఉంటుంది. బతికాక బంధించి ఉంచడం ఆ దయలో భాగం కాదు. అలాంటి చిలుక ఇంట్లో ఉండి, దాని ముక్కు పెరిగితే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడానికి భయపడి దాచిపెట్టే కుటుంబాలున్నాయి. దాచకండి. అటవీశాఖ వారికి అప్పగించండి. ఏళ్ళ తరబడి ఇంట్లో ఉన్నదాన్ని మేడ మీది నుంచి గాల్లోకి వదిలేయడం కూడా పరిష్కారం కాదు, దానికి మేత వెతుక్కోవడం తెలియదు.

ఆ పిట్ట ఏమైంది?

డాక్టరు గారు చిన్న ఆకురాయితో కొంచెం కొంచెంగా, మూడు విడతల్లో ముక్కు అరగదీశారు. ఒకేసారి చేయలేదు, పట్టుకుంటేనే గుండె ఆగిపోయేంత బలహీనంగా ఉందన్నారు. అందాకా గింజలు వలిచి, నానబెట్టి, మెత్తగా చేసి పెట్టమన్నారు. ఆ పని అబ్బాయి చేశాడు. పొద్దున బడికి ముందు ఒకసారి, మగ్రిబ్ తర్వాత ఒకసారి. జీడినూక మానిపించడమే కష్టమైందని పెద్దాయన నవ్వారు. పిట్ట దాని కోసం పంజరం ఊచలు పట్టుకుని గోల చేసేదట. ఇప్పుడది తానే వలుచుకుని తింటోంది. కాలేయం పూర్తిగా బాగయిందని చెప్పలేం, నెలకోసారి ముక్కు చూపిస్తున్నారు.

ఆ శుక్రవారం రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మరుసటి వారం సోంపేటలో మా చెల్లెలి ఇంటికి వెళ్ళాను. ఇప్పుడామెకు నాలుగేళ్ళ కూతురు. టీ తాగాక చెప్పాను: “ఆ నీలం పిట్ట తఖ్దీర్ వల్ల పోలేదమ్మా, నా చేతిలో పోయింది. నీకు అప్పుడు చెప్పలేదు. క్షమించు.” అల్లాహ్ దగ్గర తౌబా ఎప్పుడో చేసుకున్నాను. కానీ ఈ మాట ఆమెకు బాకీ ఉంది.

చెల్లెలు కప్పులు తీస్తూ, “నాకప్పుడే తెలుసు భాయ్‌జాన్. నెయిల్ కట్టర్ మడతలో ఎర్రగా ఉంది. మీరు చెబుతారేమో అని చూశాను” అంది.

కాసేపాగి, కూతురు పిట్టలు కావాలని పేచీ పెడుతోందనీ, కొనాలా వద్దా అనీ అడిగింది. పైన రాసిందంతా ఆమెకు చెప్పాను. కొమ్మలు వేసే ఓపిక, పొట్టు ఊదే ఓపిక ఇంట్లో ఎవరికుందో ముందు చూసుకోమన్నాను. ఇంకా కొనలేదట.